అనంతపురంలో వడ్రంగం నేర్చుకోవాలంటే ఏ పుస్తకం, ఏ వీడియో, ఏ శిక్షణ పనికొస్తాయి?

ప్లైవుడ్ కోసి మైకా అంటించడం నేర్పేవాళ్లకు కొదవ లేదు. గట్టి చెక్కతో తలుపు రెక్క బిగించడం నేర్పే పాఠాలే కరువు. ఈ రివ్యూ ఆ రెండో రకం కోసం వెతికేవాళ్లకు. అన్నిటికీ ఒకటే పరీక్ష: ఒకటిన్నర అంగుళం మందం రెక్కకు కుసి (ఒక ముక్క చివర చెక్కే నాలుక), బెజ్జం (అది దూరే రంధ్రం) వేయడం ఆ పాఠంతో వస్తుందా, రాదా?

మొదటి మార్కు నిమి (నేషనల్ ఇన్‌స్ట్రక్షనల్ మీడియా ఇన్‌స్టిట్యూట్) పుస్తకానికే. చెన్నైలోని ఈ సంస్థ 1986 నుంచి ఐటీఐలకు పాఠ్యపుస్తకాలు తయారుచేస్తోంది. కార్పెంటర్ ట్రేడ్‌కు థియరీ వేరు, ప్రాక్టికల్ వేరు. భారత్ స్కిల్స్ పోర్టల్‌లో పీడీఎఫ్ ఉచితం. థియరీ ఫోన్‌లో చదువుకున్నా సరిపోతుంది, ప్రింటు తీయించాల్సింది ప్రాక్టికల్. ఒక్కో ఎక్సర్‌సైజుకు కొలతలతో బొమ్మ, దాని కింద పని వరసక్రమం చెప్పే జాబ్ సీక్వెన్స్, పని మెలకువలకు స్కిల్ సీక్వెన్స్ ఉంటాయి. బొమ్మలో మిల్లీమీటర్లు, సామిల్లులో అంగుళాలు. 38 అంటే ఒకటిన్నర, 75 అంటే మూడు అని పక్కన పెన్సిల్‌తో రాసుకుంటే కోతకు ఇచ్చేటప్పుడు తికమక ఉండదు.

ఇది పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడన్న లెక్కతో రాసిన పుస్తకం. ఒంటరిగా కూర్చునేవాళ్లు దెబ్బతినేది ఉలి దగ్గర కాదు, గీత దగ్గర. అందుకే ఆ భాగం కాస్త వివరంగా.

చిత్రిక పట్టాక ప్రతి ముక్కకూ ఒక ముఖం, దానికి ఆనుకున్న ఒక అంచు ఎంచుకుని పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. మూలమట్టం పెట్టినా, గేజ్ (అంచుకు సమాంతరంగా ముల్లుతో గీత గీసే పనిముట్టు) ఆనించినా ఆ గుర్తున్న వైపు నుంచే. ఒక గీత ఇటు నుంచి, ఇంకో గీత అటు నుంచి గీస్తే చెక్క మందంలో ఉన్న అర మిల్లీమీటరు తేడా కూడా కుసిని పక్కకు జరుపుతుంది. బిగించాక రెక్క మెలి తిరుగుతుంది, క్లాంపు ఎంత బిగించినా సరికాదు. కుసి మందం చెక్క మందంలో మూడో వంతు. 38కి లెక్క 12.7 వస్తుంది, కానీ మీ దగ్గరున్న ఉలి 12 అయితే 12 వేయండి. గేజ్ ముళ్ల మధ్య దూరం స్కేలుతో కాదు, ఆ ఉలి నోటితోనే పెట్టాలి.

బెజ్జం ముందు, కుసి తర్వాత. బెజ్జం వెడల్పు ఉలిని బట్టి ఖాయమైపోతుంది, కుసిని మాత్రం చెక్కి తగ్గించుకోవచ్చు. రెండు వైపుల నుంచీ సగం సగం కొట్టాలి. ఒకే వైపు నుంచి దిగగొడితే అవతలి ముఖం పెచ్చులు లేస్తుంది. నిలువు పట్టీ చివర ఒక అంగుళం ఎక్కువ ఉంచి రెక్క బిగిశాక కోసేయండి, లేకపోతే పై బెజ్జం కొట్టేటప్పుడే చివర చీలుతుంది. కుసి చేత్తో సగం దాకా వెళ్లి, మిగతాది కొయ్యసుత్తి చిన్న దెబ్బలకు దిగాలి. గట్టిగా బాదాల్సి వస్తే ఆపి, మెరుపు తేలిన చోట పల్చగా చెక్కండి.

వీడియోల సంగతికొస్తే, తెలుగులో ఎక్కువగా కనిపించేవి డిజైన్ చూపించేవే. ఉలి పనిని మూడింతల వేగంతో పరిగెత్తించిన వీడియోలో నేర్చుకునేదేమీ లేదు. ఇంగ్లిష్ వీడియోలు పనితనంలో మేలు, కానీ వాటిలో చాలావి పైన్ లాంటి మెత్తని చెక్కతో చేసినవి. మన వేప చెక్కలో పోగు ఇటూ అటూ అల్లుకుని ఉంటుంది, అదే ధోరణిలో చిత్రిక తోస్తే ముఖం చింపుకుపోతుంది. చిత్రికలో బ్లేడు మీద బిగించే ఇనుప పట్టీని, అంటే చిప్ బ్రేకర్‌ను, బ్లేడు అంచుకు అర మిల్లీమీటరు లోపు దాకా జరిపి పల్చటి పొర తీయాలి. వాళ్లు ఉలికి చెప్పే 30 డిగ్రీల పదును టేకుకు చాలు. తుమ్మకు 35 లేకపోతే అంచు విరుగుతుంది.

ఆ వీడియోలను కళ్లు మూసుకుని నమ్మకూడని ఇంకో విషయం చెక్కలో తేమ. గాలిలో తేమ 30 శాతం ఉన్న ఎండాకాలంలో చెక్క తేమ 6 శాతం దగ్గరకు దిగుతుంది. 70 శాతం ఉన్న వానాకాలంలో 12, 13కు ఎక్కుతుంది. ఆ తేడాకు అడుగు వెడల్పున్న ఫ్లాట్‌సాన్ (దుంగను వరసగా పలకలుగా కోసిన) టేకు పలక మూడున్నర మిల్లీమీటర్ల దాకా పెరిగి తరుగుతుంది. ఏప్రిల్‌లో చేసే రెక్కలో పలకకు గాడి లోపల రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. గాడిలో ఫెవికాల్ పడనివ్వొద్దు, అంటుకుంటే పలక నడిమికి చీలుతుంది. ఈ విషయంలో బీఐఎస్ (బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్) ప్రమాణాలు వీడియోలన్నిటికన్నా నమ్మదగినవి: చెక్క తేమకు ఐఎస్ 287, తలుపు రెక్కలకు ఐఎస్ 1003, ద్వారబంధాలకు ఐఎస్ 4021. బీఐఎస్ సైటులో లాగిన్ అయితే ఉచితం. చదవడానికి చప్పగా ఉంటాయి, అది వేరే సంగతి.

పీఎం విశ్వకర్మ గురించి చాలామందికి తప్పుడు అంచనా ఉంది. అది ఇప్పటికే చేతి పనిలో ఉన్నవాళ్ల కోసం 2023 సెప్టెంబరులో మొదలైన పథకం, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం కాదు. ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, మొత్తం 40 గంటలు. రోజుకు రూ.500 స్టైపెండ్, పనిముట్లకు రూ.15,000 దాకా ఈ-వోచర్. కుసి కోయడం 40 గంటల్లో చేతికి రాదు గానీ పనిముట్ల కోసమైనా అర్హులు వదులుకోకూడదు.

ఎనిమిదో తరగతి పాసైన పిల్లలకు ఐటీఐలో ఏడాది కోర్సు మంచి దారి. అన్ని ఐటీఐల్లోనూ ఈ ట్రేడ్ ఉండదు, కాబట్టి దరఖాస్తుకు ముందే సీట్ల జాబితా చూసుకోండి. చదువుకునే వయసు దాటినవాళ్లు తలుపులు చేసే ఆచారి దగ్గర చేరడమే మేలు. ఆచారిని ఎంచుకోవడానికి దుకాణం సైజు చూడక్కర్లేదు. ఆయన ఉలి వెనుక భాగం అద్దంలా చదునుగా ఉందా, గుండ్రంగా అరిగిందా చూడండి. అరిగిన ఉలితో నేర్చుకున్న బెజ్జం ఎప్పుడూ వంకరే. అక్కడి కోతముక్కలు అడిగి తెచ్చుకుంటే నిమి ఎక్సర్‌సైజులకు చెక్క ఖర్చు కూడా తగ్గుతుంది.

మిషన్ల పని కావాలంటే హైదరాబాద్ కన్నా బెంగళూరే దగ్గర. మల్లేశ్వరంలోని ఐడబ్ల్యూఎస్‌టీలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ) అడ్వాన్స్‌డ్ వుడ్‌వర్కింగ్ శిక్షణ కేంద్రం ఉంది. చేతి పని కొంత వచ్చాక వెళ్తేనే ఆ ఫీజు గిట్టుబాటవుతుంది.