కాంతి వెంట బెంగళూరులో మూడు రోజులు

కాంతి వేగానికి దగ్గరగా ప్రయాణిస్తే చుట్టూ ఏమి కనిపిస్తుందని మా అమ్మాయి వేసవి సెలవుల్లో అడిగింది. నేను మదనపల్లెలో ఉన్నత పాఠశాల పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తాను. కాలం నిదానిస్తుంది, పొడవు తగ్గుతుంది అంటూ సూత్రాలు మొదలుపెట్టాను. "అవి లెక్కలమ్మా. కంటికి ఏమి కనిపిస్తుందో చెప్పు" అంది. ఆ ప్రశ్న పట్టుకునే బెంగళూరు వెళ్లి మూడు రోజులు తిరిగి వచ్చాం. పిల్లలతో వెళ్లాలనుకునేవారికి పనికివస్తుందని రాస్తున్నాను.

మదనపల్లె నుంచి చింతామణి, హొస్కోటె మీదుగా బస్సు. మెజెస్టిక్ దాకా అందులోనే కూర్చోవద్దు. కృష్ణరాజపురంలో దిగి మెట్రో పర్పుల్ లైను ఎక్కితే ఊరి లోపలి రద్దీ మొత్తం తప్పుతుంది. విధానసౌధ స్టేషనులో దిగి ఆటోలో నక్షత్రశాలకు చేరుకున్నాం. బస విషయంలో మాత్రం మొదటి రాత్రి పొరపాటు చేశాను. బస్టాండుకు దగ్గరని గాంధీనగర్‌లో ఒక లాడ్జి తీసుకుంటే రాత్రంతా హారన్ల మోత, తెల్లవారాక అరగంట మాత్రమే వేడినీళ్లు. రెండో రాత్రి మల్లేశ్వరంలో ఒక చిన్న అతిథిగృహానికి మారాం. అద్దె కొంచెం ఎక్కువే అయినా చెట్ల నీడ, నిశ్శబ్దం, నడిచివెళ్లే దూరంలో వెన్న దోసె, మంచి కాఫీ దొరికాయి. పిల్లలు వెంట ఉంటే నా మాట మల్లేశ్వరమే.

జవాహర్‌లాల్ నెహ్రూ నక్షత్రశాల 1989లో మొదలైంది. ప్రదర్శనలు కన్నడం, ఇంగ్లీషుల్లో ఉంటాయి. సోమవారం సెలవు. మేము చూసిన ప్రదర్శన మా ప్రశ్న గురించి కాదు, కానీ మాకు కావలసింది ఆ గుమ్మటమే. దీపాలు ఆరిపోయి తల మీద ఆకాశం మొత్తం పరుచుకున్నప్పుడు అమ్మాయి చేయి ముందుకు చాపించి పిడికిలి బిగించమన్నాను. చాచిన చేతి చివర పిడికిలి ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు కప్పుతుంది. కొలబద్ద అదే.

బయటికి వచ్చి సైన్స్ పార్కులో చెట్టు కింద కూర్చున్నాక అసలు సంగతి చెప్పుకున్నాం. వేగంగా పోతే నక్షత్రాలు గీతల్లాగా పక్కల నుంచి వెనక్కి జారిపోతాయని చాలామంది ఊహ. జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. వేగం పెరిగేకొద్దీ ఆకాశం ముందువైపుకు గుమిగూడుతుంది. కాంతి వేగంలో సగం అందుకునేసరికి సరిగ్గా పక్కన, 90 డిగ్రీల దగ్గర ఉండవలసిన చుక్క 60 డిగ్రీల దగ్గర కనిపిస్తుంది. 80 శాతం వేగంలో అది దాదాపు 37 డిగ్రీలకు వస్తుంది. 99 శాతం వేగంలో 8 డిగ్రీలు. అంటే ముందున్న సగం ఆకాశం రెండు పిడికిళ్లలోపు వలయంలో ఇమిడిపోతుంది. వెనక వదిలి వచ్చిన చుక్కలు కూడా చాలావరకు ముందుకే వచ్చి చేరతాయి. అమ్మాయి రెండు పిడికిళ్లు పక్కపక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి "అయితే వెళ్లే చోటు దగ్గరవడానికి బదులు చిన్నదైపోతుందా?" అని అడిగింది. అవును, ఒక్కసారిగా వేగం అందుకున్న ఆ క్షణంలో ముందున్నదంతా ముడుచుకుని దూరం జరిగినట్లు కనిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్న నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు.

రంగుల సంగతి తిరుగు ఆటోలో, ఎర్ర సిగ్నలు ముందు ఆగినప్పుడు వచ్చింది. ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 650 నానోమీటర్లు. కాంతి వేగంలో అయిదో వంతుతో ఆ దీపం వైపు దూసుకుపోతే అది దాదాపు 530కి కుదించుకుపోతుంది. ఎర్ర దీపం ఆకుపచ్చగా కనిపిస్తుంది! 80 శాతం వేగంలో ముందున్న కాంతి తరంగదైర్ఘ్యం మూడో వంతుకు పడిపోతుంది. ఆర్ద్ర నక్షత్రం ఉపరితల ఉష్ణోగ్రత 3,500 కెల్విన్ల ప్రాంతంలో ఉంటుంది. దాని వైపు అంత వేగంతో వెళ్లేవారికి అది పదివేల కెల్విన్ల చుక్కలాగా, లుబ్ధకం (సిరియస్) మాదిరి నీలి తెలుపులో మండుతుంది. వెనకనున్న మన సూర్యుడు కణకణలాడే నిప్పులాగా మసకబారి, వేగం ఇంకా పెరిగితే కంటికి అందకుండా పోతాడు. ముందువైపు మాత్రం వెలుగు పెరుగుతూనే ఉంటుంది. కాంతి వేగంలో 99.9998 శాతం దాటితే విశ్వం తొలినాళ్ల వేడికి మిగులుగా అంతటా నిండిన 2.7 కెల్విన్ల సూక్ష్మతరంగ నేపథ్యం కూడా ముందువైపు కంటికి కనిపించే వెలుగుగా మారుతుంది.

రెండో రోజు పొద్దున కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం చూశాం. ఇంజన్లు, రైట్ సోదరుల విమానం నమూనా, పిల్లలు చేతులతో తిప్పి చూసే పరికరాలు చాలా ఉన్నాయి. పదేళ్లలోపు పిల్లలకు ఇంతకంటే మంచి చోటు లేదు. మా ప్రశ్నకు మాత్రం నక్షత్రశాలే ఎక్కువ ఇచ్చింది. ఒక్క రోజే ఉంటే అక్కడికే వెళ్లండి.

సాయంత్రం ఎం.జి. రోడ్డు నుంచి ఇందిరానగర్ వైపు మెట్రోలో కిటికీ దగ్గర నిలబడ్డాం. పక్కన భవనాలు ఎత్తులో ఎదురవుతాయి. కాంతి వేగానికి దగ్గరగా పోతే ఇవన్నీ పలచగా నొక్కుకుపోయి కనిపిస్తాయా అని అడిగింది. పొడవు తగ్గడం కొలతకు సంబంధించిన మాట. కంటికి ఒకేసారి చేరే కాంతి వేర్వేరు చోట్ల నుంచి వేర్వేరు క్షణాల్లో బయలుదేరినది కనుక కనిపించే బొమ్మ వేరు. భవనం నొక్కుకుపోయినట్లు కాక, పక్కకు తిరిగినట్లు కనిపిస్తుంది. దాటిపోయాక కానీ కనిపించని అవతలి గోడ, భవనం పక్కన ఉన్నట్లు తోచినప్పుడే కంటపడుతుంది. చుక్కలు వెనక నుంచి ముందుకు రావడానికి ఏది కారణమో దీనికీ అదే కారణం: వేగంగా పోయేవారికి కాంతి ముందు నుంచి వాలుగా వస్తున్నట్లుంటుంది. 1959లో భౌతికశాస్త్రవేత్తలు జేమ్స్ టెరెల్, రోజర్ పెన్‌రోజ్ విడివిడిగా ఈ విషయం చూపించారు. ఎంత వేగంలోనైనా గోళం అంచు గుండ్రంగానే కనిపిస్తుందని పెన్‌రోజ్ నిరూపించాడు. 2025లో వియన్నా పరిశోధకులు లేజరు మెరుపులతో, అతివేగపు కెమెరాతో ప్రయోగశాలలో ఈ దృశ్యాన్ని కూర్చి చూపారు.

మల్లేశ్వరానికి దగ్గర్లోనే భారతీయ విజ్ఞాన సంస్థ. లోపలికి వెళ్లకపోయినా అటువైపు నడిచాం. హోమీ భాభా 1938లో ఒక ముఖ్యమైన మాట అన్నాడు: విశ్వకిరణాల్లోని (అంతరిక్షం నుంచి వచ్చే కణాల ధారల్లోని) క్షయించే కణం ఒక గడియారం లాంటిదని, అది వేగంగా పోతున్నప్పుడు సాపేక్ష సిద్ధాంతం ప్రకారం నిదానంగా క్షయించాలని. తరువాత రెండేళ్లకే ఆయన ఈ సంస్థలో చేరి విశ్వకిరణాల మీద పనిచేశాడు. టాటా పరిశోధన సంస్థ 1945లో మొదలైంది కూడా ఈ ప్రాంగణంలోనే. ఆ గోడ పక్కన నడుస్తూ ఈ సంగతి చెప్తుంటే నాకు ఒళ్లు పులకరించింది.

ఆ కణమే మ్యూయాన్. దాని సగటు ఆయువు 2.2 మైక్రోసెకన్లు. అంతసేపట్లో కాంతి కూడా 660 మీటర్లకు మించి పోలేదు. అయినా పదిహేను కిలోమీటర్ల ఎత్తులో పుట్టిన మ్యూయాన్లు నేలకు చేరుతున్నాయి. మన లెక్కలో దాని గడియారం నిదానిస్తుంది; దాని లెక్కలో అయితే పొడవు తగ్గి, కాంతి వేగంలో 99.8 శాతంతో వచ్చేదానికి ఆ పదిహేను కిలోమీటర్లు ఒక కిలోమీటరులోపే. అరచేయి పరిచి పట్టుకుంటే సెకనుకు ఒకటి చొప్పున అందులోంచి దూసుకుపోతుంటాయి.

మూడో రోజు కోలారు బంగారు గనులకు వెళ్లింది ఇందుకే. బంగారపేటలో రైలు మారి మారికుప్పం లైనులో దిగాలి. 2001లో గనులు మూతపడ్డాయి, లోపలికి అనుమతి లేదు. కనిపించేవి తుప్పుపట్టిన గని గోపురాలు, బంగారం తీశాక మిగిలిన బూడిదరంగు సైనైడ్ దిబ్బలు మాత్రమే. పిల్లలను దిబ్బలు ఎక్కనివ్వకండి. వినోదం కోరేవారు ఇక్కడికి రానవసరం లేదు. అయితే భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, ఇక్కడే మ్యూయాన్లను లెక్కపెట్టారు. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల (దేనికీ దాదాపు తగలకుండా దూసుకుపోయే కణాల) జాడ 1965లో మొదటగా పట్టిన చోట్లలో ఇది ఒకటి. టీ కొట్టు పెద్దాయన తెలుగులోనే మాట్లాడాడు. గనిలో దిగిన రోజులు చెప్తూ, "శాస్త్రవేత్తలు కూడా మాతోపాటే దిగేవారమ్మా" అన్నాడు. అమ్మాయి టీ చల్లారిపోయేదాకా ఆయన మాటలు విన్నది.

కోలారు వచ్చి మదనపల్లె బస్సు ఎక్కాం. శ్రీనివాసపురం దాటాక వాన అందుకుంది. బస్సు ఆగినప్పుడు చినుకులు నిలువుగా, కదిలితే ముందు నుంచి వాలుగా. అమ్మాయి కంపాస్ పెట్టెలోంచి కోణమానిని తీసి కిటికీ అద్దానికి ఆనించింది. నిలువు నుంచి అరవై డిగ్రీలు. ఫోనులో బస్సు వేగం గంటకు 50 కిలోమీటర్లు. టికెట్టు వెనక లెక్క వేసి, చినుకు గంటకు 29 కిలోమీటర్ల వేగంతో పడుతోందని తేల్చింది. ఇదే లెక్క ఇంగ్లండు ఖగోళశాస్త్రవేత్త జేమ్స్ బ్రాడ్లీ చుక్కలకు వేశాడని చెప్పాను. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పోతుంటే చుక్క 20.5 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వాలుతుంది. ఆ వాలును పట్టుకుని, కాంతి సూర్యుడి నుంచి భూమికి 8 నిమిషాల 12 సెకన్లలో వస్తుందని 1729 నాటికే చెప్పాడు.

"అంటే మనం రోజూ చూసే చుక్కలు కూడా కాస్త ముందుకు జరిగే ఉన్నాయా?" అంటూ ఆ టికెట్టును కోణమానినితో పాటు పెట్టెలో దాచుకుంది.