గోధుమ పడని పాపతో గోదావరి జిల్లాల్లో నాలుగు రోజులు

రాజమండ్రిలో మేం దిగిన హోటల్ వాళ్లు 190 రూపాయలకి అమ్మిన ఒక ‘గ్లూటెన్ ఫ్రీ’ దోస వల్ల ఇది రాస్తున్నాను. మాలాంటి పిల్లలున్నవాళ్లు ఇంకెవరూ మెనూలో ఆ రెండు మాటలు చూసి నమ్మేయకూడదు.

మా పాపకి 11 ఏళ్లు. రెండేళ్ల క్రితం సీలియాక్ అని తేలింది. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ కడుపులోకి వెళ్తే తన ఒళ్లే తన చిన్నపేగు లోపలి పొరని దెబ్బతీసుకుంటుంది. జీవితాంతం పథ్యమే దీనికి వైద్యం. కాస్త తింటే ఏమవుతుందిలే అనడానికి లేదు. చపాతీ కాల్చిన పెనం మీదే దోస పోసినా కష్టమే.

నేను, మావారు, అత్తయ్య, పాప గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. రైల్లో ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం, బియ్యప్పిండి జంతికలతో గడిచిపోయింది. ఏసీ గది రోజుకి 2,400. కిటికీలోంచి గోదావరి కనబడుతుంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, గదికి వంక పెట్టను. రాత్రి కింద రెస్టారెంట్‌కి వెళ్తే మెనూలో ఆకుపచ్చ అక్షరాలతో ‘గ్లూటెన్ ఫ్రీ దోస’ అని ఉంది. పాప దాని మీద వేలు పెట్టి, “అమ్మా, నాకంటూ రాశారు!” అంది. బయట హోటల్లో తను మెనూ చూసి ఎంచుకోవడం రెండేళ్లలో అదే మొదటిసారి.

“పెనం వేరేనా?” అని అడిగాను. “సెపరేటే మేడమ్” అన్నాడు వెయిటర్. “సాంబారులో గోధుమ ఏమైనా తగులుతుందా?” అంటే, “పప్పు కదా మేడమ్, గోధుమ ఎందుకుంటుంది?” అన్నాడు. చాలా ఇంగువల్లో గోధుమపిండి కలుపుతారన్న సంగతి అతనికి తట్టలేదు. సాంబారు పక్కన పెట్టించి దోస ఒక్కటే తినమన్నాను. చెయ్యి కడుక్కోవడానికి వెళ్తూ వంటగది తలుపు సందులోంచి చూశాను. పొడవాటి పెనం ఒక్కటే ఉంది. ఒక పక్క రవ్వదోస, పక్కనే మామూలు దోస, రెండింటినీ తిప్పేది ఒకే అట్లకాడ. రవ్వదోస పిండిలో బొంబాయి రవ్వా మైదా ఉంటాయి, రెండూ గోధుమవే. నేను పరిగెత్తుకొచ్చేసరికి సగం దోస అయిపోయింది.

పదకొండింటికి కడుపునొప్పి మొదలైంది. మూడింటిదాకా వాంతులు. మర్నాటి పాపికొండల బోటు టికెట్లు, 4,800 రూపాయలు, పోయాయి. డబ్బు పోతే పోయింది, పాప రోజంతా ముడుచుకుని పడుకుంది. మేనేజర్ని నిలదీస్తే, “పిండిలో అయితే గోధుమ కలపలేదు కదండీ” అని బిల్లులోంచి 190 తీసేశాడు. ఆయనకి అక్కడితో లెక్క తేలిపోయింది. మావారు కోపంతో ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

మూడో రోజు పొద్దున్నే మావారే గోదావరి గట్టు దగ్గర ఒక టిఫిన్ బండి చూసి వచ్చి మమ్మల్ని తీసుకెళ్లారు. నడిపేది అరవై దాటిన పెద్దావిడ. మినపప్పు, బియ్యపు రవ్వతో చేసే ఇడ్లీలో గోధుమ ఉండదు, నా భయమంతా పచ్చడి గురించే. సంగతి చెప్తే ఆవిడ పొయ్యి తగ్గించి పోపుల డబ్బా తెరిచి నా ముందు పెట్టింది. ఇంగువ డబ్బా తీసి నా చేతిలో పెట్టి, “నాకు చదువు రాదు తల్లీ, నువ్వే చూసుకో” అంది. వెనక చిన్న అక్షరాల్లో గోధుమపిండి అని ఉంది. ఆవిడ కిందనుంచి ఇంకా తాలింపు పెట్టని కొబ్బరి పచ్చడి గిన్నె తీసి, గరిటె కడిగి, అరిటాకు ముక్కలో వేసింది. పాప పెసరట్టు అడిగితే, “వద్దమ్మా, రాత్రి ఈ పెనం మీదే మా మనవడికి చపాతీలు కాల్చాను” అంది. మేం అడక్కుండానే చెప్పింది. నాలుగు ఇడ్లీలు 30 రూపాయలు. వంద ఇస్తే 70 తిరిగి ఇచ్చేసింది.

అందుకే చెప్తున్నాను, హోటల్లో ‘గోధుమ ఉందా’ అని అడిగి ఊరుకోకండి. ఇంగువ డబ్బా చూపించమనండి, పెనం మీద ఇంకేం వేస్తారో అడగండి. మిరపకాయ బజ్జీ శనగపిండిదే అయినా మైసూర్ బజ్జీ వేగిన నూనెలోదైతే వదిలేయండి, దాంట్లో మైదా ఉంటుంది. చూపించడానికి విసుక్కుంటే లేచి వచ్చేయండి, మొహమాటం వద్దు.

ఆత్రేయపురంలో పాప కడుపునిండా తింది. పూతరేకు అంటే బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి వేడి కుండ మీద లాగితే వచ్చే రేకు, లోపల బెల్లం, నెయ్యి. పది రేకులు 250. హార్లిక్స్ లాంటి పొడులు వేసినవి కూడా అమ్ముతున్నారు, వాటిలో బార్లీ ఉంటుంది కాబట్టి బెల్లంవి మాత్రమే తీసుకోండి.

చివరి రోజు అన్నవరం. బయల్దేరినప్పటి నుంచి అత్తయ్య పట్టు ఒకటే, “సత్యనారాయణస్వామి ప్రసాదం పాపకి చిటికెడైనా పెట్టాలి, దేవుడిది ఏమీ చేయదు” అని. ఆ ప్రసాదం గోధుమ రవ్వతో చేస్తారు. రైల్లో దీనిమీద మా ఇద్దరికీ మాటా మాటా అయింది. దర్శనం అయ్యాక రత్నగిరి మెట్ల పక్కన కూర్చుని ఆవిడ ఆకు పొట్లం విప్పి కళ్లకద్దుకుని తిన్నారు. పాప చూస్తూ ఉంది. నేను ఏదో అనబోయేలోపే అత్తయ్య లేచి, కొళాయి దగ్గర మోచేతులదాకా రుద్ది కడుక్కుని, కొంగుకి కాకుండా గాలికి ఆరబెట్టుకుని, అప్పుడు స్వామికి కొట్టిన కొబ్బరి చెక్క తీసి పాప చేతిలో పెట్టారు.