పీడీ మీటర్: కౌంటర్‌లో నిలబడేవాళ్ల కోసం కొనాల్సిన పరికరం

కళ్లజోళ్ల షాపులో మనిషి విసిగిపోయేది ఫ్రేములు చూపించి కాదు. ముప్పై ఫ్రేములు తీసి, తుడిచి, మళ్లీ ట్రేలో సర్దితే ఒళ్లు నొప్పులు వస్తాయి, రాత్రి పడుకుంటే పోతాయి. వారం కింద డెలివరీ ఇచ్చిన జోడు పట్టుకుని ఒక పెద్దాయన మళ్లీ మెట్లెక్కి వస్తుంటే గుండెల్లో మొదలయ్యే దడ మాత్రం పోదు. "ఏమ్మా, ఇది పెట్టుకుంటే తల తిరుగుతోంది" అంటారు. పవర్ రాసింది డాక్టరు, లెన్సు కోసింది ఫిట్టింగ్ వాళ్లు, మాట పడేది కౌంటర్‌లో ఉన్న అమ్మాయి. తప్పెక్కడుందో ఆమెకి తెలియదు. విజయవాడ బీసెంట్ రోడ్డు కిటకిటలాడే సాయంత్రం వేళ ఇలాంటివి రెండు తగిలితే, మూడో కస్టమరుతో నవ్వుతూ మాట్లాడడం ఎవరికైనా కష్టమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ని జబ్బుగా కాకుండా పని వల్ల వచ్చే స్థితిగా వివరించింది. దానికి మూడు గుర్తులు చెప్పింది: సత్తువ అయిపోవడం, పని మీద విరక్తి పుట్టడం, చేసే పని సరిగ్గా చేయలేకపోతున్నామనిపించడం. ఆ మూడోది కళ్లజోళ్ల కౌంటర్‌లో ఎక్కువగా కొలతల దగ్గరే పుడుతుంది. అందుకే లెన్సు సెంటర్ల కోసం కళ్ల కొలత తీసే డిజిటల్ పీడీ మీటర్‌ని సిబ్బంది భారం తగ్గించే వస్తువుగా చూసి ఈ రివ్యూ రాస్తున్నాం. షోకేసు లైట్లు మార్చడానికి ముందు కొనాల్సింది ఇదే అని మా అభిప్రాయం.

పీడీ అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. చాలా చీటీల మీద పవర్ ఉంటుంది, పీడీ ఉండదు. స్కేలుతో కొలిస్తే, కొలిచేవాళ్ల తల కాస్త పక్కకి జరిగినా అంకె మారిపోతుంది. పవర్ 1.00 ఉన్నవాళ్లకి 2 మి.మీ. తేడా తెలియకపోవచ్చు. మైనస్ 6.00కి అలా కాదు. తేడాని సెంటీమీటర్లలోకి మార్చి పవర్‌తో గుణిస్తే ప్రిజం, అంటే చూపుని పక్కకి లాగే గుణం ఎంతో, వస్తుంది: ఒక్కో కంటికి 2 మి.మీ. తప్పితే 1.2, రెండూ కలిపి 2.4. మైనస్ లెన్సుల్లో పీడీ ఎక్కువ పెడితే కళ్లు బయటివైపుకి తిరగాల్సి వస్తుంది. ఆ తిప్పు కళ్లకి అలవాటు లేనిది. తలనొప్పి అక్కణ్ణుంచే. "రెండు వారాలు వాడండి, అలవాటైపోతుంది" అని పంపేస్తే ఆయన రెండు వారాల తర్వాత ఇంకా కోపంగా వస్తారు.

మీటర్ వాడడం అరగంటలో వస్తుంది. కస్టమరుని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు ఆనేది సరిగ్గా ముక్కు దూలం మీద, నుదురు ఆనేది నుదుటికి తగిలేలా పెట్టాలి. లోపల వెలిగే లైటునే చూడమనాలి. ఇవతలి నుంచి చూస్తే ఒక్కో నల్లగుడ్డు మీద చిన్న తెల్ల చుక్క మెరుస్తుంది. సన్నటి నిలువు గీతని మీటతో జరిపి ఆ చుక్క మీదికి తేవాలి, రెండో కంటికీ అంతే. కుడి, ఎడమ, మొత్తం అని మూడు అంకెలు వస్తాయి. మూడుసార్లు కొలిచి, రెండుసార్లు కలిసిన అంకె రాసుకోండి. మెల్లకన్ను ఉన్నవాళ్లకి ఒక కన్ను మూసే మీట ఉంటుంది. ఒక్కో కన్ను విడిగా కొలవాలి.

దీనితో జరిగే పొరపాట్లు ముఖ్యంగా రెండు. మొదటిది దూరం డయల్. ముందు కస్టమరుకి చదివే జోడు కోసం 35 సెం.మీ. దగ్గర పెట్టి మర్చిపోతారు. తర్వాతి కస్టమరుకి దూరం చూపు పీడీ కొన్ని మి.మీ. తక్కువ వస్తుంది. పని అయిన వెంటనే డయల్‌ని అనంతం గుర్తు మీదికి తిప్పడం అలవాటు చేసుకోవాలి. రెండోది ఇంకా మోసపూరితం: మీటర్ పక్కకి జరిగితే మొత్తం సరిగ్గానే ఉంటుంది, విడి అంకెలు మారతాయి. 31, 33 రావాల్సిన మనిషికి 32.5, 31.5 వస్తుంది. రెండింటి మొత్తమూ 64 కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. లెన్సు అంతా ఒకే పవర్ ఉండే సింగిల్ విజన్‌లో ఇది పెద్దగా బాధించకపోవచ్చు, దూరం, దగ్గర పవర్లు గీత లేకుండా ఒకే లెన్సులో ఉండే ప్రోగ్రెసివ్‌లో మాత్రం చదివే దారి కంటికి ఎదురుగా ఉండదు. పేపరు చదవాలంటే తల పక్కకి తిప్పుకోవాలి.

ఫిట్టింగ్ హైట్, అంటే లెన్సు కింది అంచు నుంచి కంటిపాప ఎంత ఎత్తులో ఉందో, మాత్రం ఇది కొలవదు. ఇది ఉందని ఆ పని వదిలేస్తే చాలా రీమేకులు (లెన్సులు మళ్లీ చేసి ఇవ్వడం) అలాగే ఉండిపోతాయి. ముందు ఫ్రేము సరిచేయాలి, నోస్ ప్యాడ్లు, కాడలు, వంపు అన్నీ. తర్వాత కస్టమరు కళ్లెదురుగా, అదే ఎత్తులో కూర్చుని డమ్మీ లెన్సు మీద మార్కరుతో చుక్క పెట్టాలి. నిలబడి పెడితే చుక్క పైకి పోతుంది.

కొలతల్ని ఆర్డరు చీటీలోనే రాసి, డెలివరీకి ముందు లెన్సుమీటర్ (లెన్సు పవర్, సెంటర్ చూపే పరికరం) మీద సెంటర్లు గుర్తుపెట్టి స్కేలుతో సరిచూడాలి. ప్రోగ్రెసివ్‌లో 34 మి.మీ. ఎడంలో రెండు సన్న చెక్కుడు గుర్తులుంటాయి. వెలుతురుకి అడ్డంగా వంచితే కనిపిస్తాయి. వాటిని బట్టి కంటిపాప ఎదురుగా రావాల్సిన గుర్తు, ఫిట్టింగ్ క్రాస్, ఎక్కడ పడిందో తెలుస్తుంది.

ఇక్కడే కౌంటర్‌లో మనిషికి ఊపిరి ఆడుతుంది. "నాకు తెలీదండీ, సార్ వచ్చాక అడగండి" అనాల్సిన చోట, "కూర్చోండి బాబాయ్ గారూ, మీ కొలత 31, 33 అని రాసి ఉంది, జోడులో ఎంత వచ్చిందో మీ ముందే చూస్తాను" అనగలుగుతుంది. తర్వాత అడగాల్సినవి మూడే. దూరం చూడడానికి గడ్డం దించాల్సి వస్తోందా? అయితే హైట్ ఎక్కువైంది. చదవడానికి గడ్డం ఎత్తాల్సి వస్తోందా? తక్కువైంది. తల పక్కకి తిప్పుతున్నారా? పీడీ చూడాలి. మూడూ కాకపోతే పవర్ చూపించుకోమని మర్యాదగా చెప్పొచ్చు. తప్పు మనదైతే ఒప్పుకోవడం కూడా తేలికే, ఎందుకంటే ఏం సరిచేయాలో తెలుసు. ఈ మాట చెప్పే అధికారాన్ని, రీమేక్ రాసే అధికారాన్ని ఓనరు కౌంటర్‌లో వాళ్లకి ఇవ్వాలి. అది లేకపోతే మీటర్ ఉన్నా లాభం లేదు.

పది గంటలు నిలబెట్టడం, భోజనానికి పావుగంట, నోటికొచ్చినట్టు తిట్టే కస్టమరు, వీటికి ఈ పరికరంలో మందు లేదు. కౌంటర్ వెనక ఒక ఎత్తు స్టూలు, కంప్లైంట్ తర్వాత పది నిమిషాలు లోపలి పని ఇవ్వడం ఓనరు చేయాల్సినవి. పొద్దున్నే షాపు తలచుకుంటే ఏడుపు రావడం, నిద్ర పట్టకపోవడం రోజుల తరబడి సాగుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 2022 నుంచి నడుస్తోంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

కొనేటప్పుడు డీలరు ముందే ఒకరి ముఖం ఇద్దరి చేత కొలిపించండి. మొత్తంలో 0.5 మి.మీ. కన్నా ఎక్కువ తేడా వస్తే ఇంకో పీసు అడగండి. మీటలు వదులుగా ఉండకూడదు. మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచేదే తీసుకోండి. ఆదివారం సాయంత్రం ఛార్జ్ అయిపోతే పక్క కిరాణా కొట్లో అవే దొరుకుతాయి.