రాణిగంజ్ కౌంటర్ దగ్గర కారు సామాను: చాలా ఏళ్లు కొన్నాక నా మాట

మాది పాత వ్యాగన్ఆర్, 1061 సీసీ ఇంజిన్‌ది. దానికి స్పేర్ పార్టులు మెకానిక్ మీద వదిలేయకుండా నేనే తెచ్చుకుంటాను. ఎక్కువగా సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, అప్పుడప్పుడు హైదరాబాద్ పుత్లీబౌలిలో. ఇన్నేళ్లలో బిల్లు, లెక్క బాగుపడ్డాయి, సలహా తగ్గిపోయింది. ఆ రెండోది నాకు నిజంగా బాధగా ఉంది.

ఒకప్పుడు కచ్చా చిట్టీ మీద రేటు గీకి ఇచ్చేవారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక అడిగితే పక్కా బిల్లు ఇస్తున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టులన్నిటికీ పన్ను 18 శాతమే. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. డబ్బా మీద పాత ఎమ్మార్పీ కనిపిస్తే కొత్త రేటు ఎంతో అడగండి, మొహమాటం వద్దు.

ఇదివరకు పాడైన పీస్ సంచిలో వేసుకుని వెళ్లాల్సిందే. "పాతది తెచ్చినవా అన్నా?" అన్నదే మొదటి ప్రశ్న. ఇప్పుడు ఛాసిస్ నంబర్ వాట్సాప్ చేయమంటున్నారు. దాంతో సరైన పార్ట్ నంబర్ తేలుతుంది, కావాలంటే బైక్ మీద ఇంటికే పంపుతారు. ఇది చాలా మంచి మార్పు. వ్యాగన్ఆర్ పేరు అదే ఉన్నా 2010లో 998 సీసీ కే-సిరీస్ ఇంజిన్ వచ్చింది. మా పాత బండికి ఆ ఇంజిన్ సామాను చాలావరకు కలవదు. యాప్‌లో బండి పేరొక్కటే చూసి ఆర్డర్ పెట్టేవాళ్లు దెబ్బ తినేది ఇక్కడే.

ఇక సలహా సంగతి. గతుకుల మీద ముందు చక్రం దగ్గర టకటక చప్పుడు వస్తుంటే, లోయర్ ఆర్మ్ మొత్తం మార్చాలన్నాడు మెకానిక్. చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే ఇనుప చెయ్యి అది; చక్రం వైపు బాల్ జాయింట్, బండి వైపు రబ్బరు బుష్షులు ఉంటాయి. విప్పిన ఆర్మ్ తీసుకెళ్తే కౌంటర్‌లో పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాల్ జాయింట్ మంచిగనే ఉంది. బుష్షులు పోయినయ్, అంతే. ప్రెస్ ఉన్నకాడ ఎక్కిపిచ్చుకో" అన్నాడు. ప్రెస్ అంటే బుష్షుల్ని నొక్కి ఎక్కించే మిషన్. ఆర్మ్ అమ్మితే ఎంతో మిగిలేది, బుష్షులే ఇచ్చి పంపాడు. ఆ చప్పుడు మళ్లీ రాలేదు.

ఇప్పుడు అదే కౌంటర్‌లో కుర్రాళ్లు స్క్రీన్ చూసి "అసెంబ్లీ ఉంది, ఇయ్యాల్నా?" అంటున్నారు. అసెంబ్లీ అంటే మొత్తం సెట్టు. వాళ్లను అనలేం, చాలా పార్టులు ఇప్పుడు సెట్టుగానే వస్తున్నాయి. కానీ బ్రేకుల్లో ఉండే వీల్ సిలిండర్‌కు రబ్బరు కిట్, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కు కార్బన్ బ్రష్‌లు లాంటివి పాత బళ్లకు వెతికితే విడిగా దొరుకుతాయి. మనం అడగకపోతే ఎవరూ చూపించరు.

డూప్లికేట్ టెన్షన్ మాత్రం పోలేదు. అందుకే ఫిల్టర్లు, బల్బులు ఎక్కడైనా కొంటాను గానీ, బ్రేకు సామాను కౌంటర్ దగ్గరే. పెట్టె విప్పి, పాత పీస్ పక్కన పెట్టి చూసుకున్నాకే డబ్బులిస్తాను.