నెల్లూరులో లెక్కల మెటీరియల్ డీటీపీకి ఇచ్చేవాళ్ళు జాగ్రత్త! ఇన్ఫినిటీ రాసిస్తే జపాన్ యెన్ అచ్చేసి చేతిలో పెట్టారు

నెల్లూరు, కావలి, కోవూరు, ఆత్మకూరు వైపు లెక్కలు చెప్పుకునే లెక్చరర్లు, ట్యూషన్ సార్లు, మేడమ్‌లు... దయచేసి ఇది చదివాకే ఎవరికైనా అడ్వాన్స్ ఇవ్వండి. షాపు పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. బోర్డు మీద ‘మ్యాథ్స్ స్పెషలిస్ట్’ అని ఎర్రక్షరాలతో ఉంటుంది, మనవాళ్ళలో సగం మంది ఆ షాపాయన దగ్గరికే పోతారు. నన్ను పంపించిందీ అట్లాంటి ఒక సారే. ఆ సార్‌కి విడిగా ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పాను.

నాది ఇంటర్ మ్యాథ్స్ మెటీరియల్. ఇంగ్లీష్ మీడియం, రెండేళ్ళ సిలబస్, చివర్లో ఈఏపీసెట్ బిట్లు. చేతిరాత నోట్సు ఇచ్చాను. మామూలు పేజీకి 50, లెక్కల పేజీకి 110 అన్నాడు. సింబల్స్ అన్నీ పర్ఫెక్ట్‌గా వస్తాయి మేడమ్, మ్యాథ్‌టైప్‌లో (సమీకరణాలు కొట్టే సాఫ్ట్‌వేర్) కొడతాం అన్నాడు. ఎక్కువ తీసుకునేది సింబల్స్ కోసమేలే అని బేరం కూడా ఆడలేదు. బేరం ఆడకుండా 15 వేలు ఫోన్‌పే కొట్టిన నా దాతృత్వానికి ఎవరైనా శాలువా కప్పండి.

మొదటి ప్రూఫ్ చూస్తేనే తల తిరిగింది. మైనస్ ఉండాల్సిన ప్రతిచోటా కీబోర్డు మీదుండే పొట్టి గీత, అంటే హైఫన్. గీతే కదా అనుకుంటారు. ఒక బిట్‌లో ఆప్షన్ −3. హైఫన్ అంటే సాఫ్ట్‌వేర్‌కి మాట విరవదగ్గ చోటు. అందుకని గీతను పై లైను చివర వదిలేసి, 3ను కింది లైన్లోకి దింపేసింది. పరీక్ష టెన్షన్‌లో ఉన్న పిల్లాడికి కనిపించేది ఉత్త 3. ఇంకో చోట 5 −3 అని కొట్టారు, గుర్తుకు ముందు జాగా ఉంది, వెనక లేదు. తీసివేత అయితే గుర్తుకు రెండు పక్కలా సమానంగా జాగా ఉండాలి. రుణ సంఖ్య అయితే గుర్తు అంకెకు అంటుకుని ఉండాలి. ఇది తీసివేతా, 5 వేరు −3 వేరా? నేనే నోట్సు తీసి చూసుకోవాల్సి వచ్చింది, రాసింది నేనే అయినా.

గుణకారం గుర్తుకు ఇంగ్లీషు ఎక్స్ అక్షరం కొట్టారు. చలరాశి కూడా ఎక్సే. సైన్, కాస్, లాగ్ అన్నీ ఇటాలిక్‌లో వాలిపోయి ఉన్నాయి. ఎక్స్, వై లాంటివి వాలాలి, సైన్ నిటారుగా ఉండాలి. దాన్ని కూడా వాలిస్తే ఎస్ ఇంటూ ఐ ఇంటూ ఎన్ అని అర్థం. ఇంటిగ్రల్ చివర డీఎక్స్‌కు ముందు వెంట్రుకవాసి జాగా లేదు, లోపలి ఫంక్షన్‌కు అతుక్కుపోయింది. డిగ్రీ గుర్తుకు బదులు సున్నాను పైకి లేపి 30⁰ అన్నారు. ఏ సంఖ్యకైనా (సున్నాకు తప్ప) ఘాతం సున్నా అయితే విలువ 1 అని ఏడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఆ లెక్కన సైన్ 30 డిగ్రీలంటే సైన్ 1.

ఎర్ర పెన్నుతో అన్నీ దిద్ది ఇచ్చాను. ఆయన ఆ కాగితాలు చూసి నవ్వి, “ఏంది మేడమ్, గ్యాపులు కూడా దిద్దుతారా?” అన్నాడు. అప్పుడే లేచి రావాల్సింది.

దిద్దుతాను మరి. లెక్కల అచ్చులో జాగా కూడా గుర్తే. డోనాల్డ్ క్నూత్ అని అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్, 1977లో తన పుస్తకం కొత్త ఎడిషన్ ప్రూఫులు వస్తే ఆ అచ్చు చూసి భరించలేక, అసలు పని పక్కన పెట్టి టెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ సొంతంగా రాసుకున్నాడు. అందులో ఎమ్ అనే కొలతను 18 భాగాలు చేసి, ప్లస్ మైనస్‌ల పక్కన 4 భాగాలు, సమానం గుర్తు పక్కన 5 భాగాలు, డీఎక్స్ ముందు పెట్టుకోవడానికి 3 భాగాల సన్న జాగా అని లెక్క పెట్టాడు. అదే మైనస్ అంకె ముందు గుర్తుగా వస్తే ఆ జాగా దానంతటదే తీసేస్తుంది. ప్రపంచమంతా ఇవాళ్టికీ లెక్కల పేపర్లు దాని మీదే, దాని మీద కట్టిన లేటెక్ మీదే రాస్తున్నారు. పైగా ఉచితం. ఆయనకు కోపం వస్తే టెక్ పుట్టింది. నాకు కోపం వస్తే ఈ పోస్టు పుట్టింది, ఎవరి స్థాయి వాళ్ళది.

సరే, రెండో ప్రూఫ్ బాగానే వచ్చింది. అబద్ధం చెప్పను. మైనస్‌లు మైనస్‌ల్లాగే ఉన్నాయి, థీటాలు థీటాల్లాగే ఉన్నాయి. మిగిలిన చిన్నా చితకా దిద్ది, చివరి పేజీ మీద ఓకే అని రాసి సంతకం పెట్టాను. ప్రింటింగ్, బైండింగ్ కూడా వాళ్ళే. 500 కాపీలు. అట్టపెట్టెలు దిగాయి, పైపైన తిప్పి చూశాను, బాగుంది. మిగతా డబ్బు ఇచ్చేశాను.

బాగోలేదని ట్యూషన్‌లో ఒక పిల్ల కనిపెట్టింది. “మేడమ్, సైన్ క్యూ అంటే ఏంటి?” అంది.

సైన్ థీటా. థీటా ఉన్న చోటల్లా క్యూ. పై (π) ఉన్న చోటల్లా పీ. ఒమేగా కాస్తా డబ్ల్యూ అయి కూర్చుంది. ≤ గుర్తు బదులు £, అంటే పౌండ్లు. ≥ గుర్తు పోయి పైన చిన్న 3 పడింది, కాబట్టి ‘ఎక్స్ సున్నా కంటే పెద్దది లేదా సమానం’ అన్నది ఎక్స్ క్యూబ్ పక్కన సున్నా అయింది. ≠ పోయి పైన చిన్న 1 వచ్చింది. లిమిట్స్ చాప్టర్ తీస్తే బాణం గుర్తు లేదు, దాని బదులు సబ్బు పెట్టెల మీద ఉండే ®. ఇన్ఫినిటీ బదులు ¥. ఎక్స్ టెండ్స్ టు ఇన్ఫినిటీ అని నేను రాసిస్తే, ఎక్స్ రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ జపాన్ యెన్ అని అచ్చేశారు. పౌండ్లు, యెన్‌లు కలిపి నా మెటీరియల్‌ని విదేశీ మారక ద్రవ్యం చేసేశారు.

ఇవన్నా నయం, చూడగానే తప్పని తెలుస్తుంది. తెలియనివి ఉన్నాయి. క్వాడ్రాటిక్ ఎక్స్‌ప్రెషన్స్‌లో ‘ఏ ఎక్స్ స్క్వేర్ ప్లస్ బీ ఎక్స్ ప్లస్ సీ ఈక్వల్ టు జీరోకు మూలాలు ఆల్ఫా, బీటా అయితే’ అని మొదలయ్యే లెక్కలు బోలెడు. ఆల్ఫా ఏ అయింది, బీటా బీ అయింది. గుణకాలూ ఏ, బీలే, మూలాలూ ఏ, బీలే! పిల్లలు ఆ లెక్క చేస్తారు కూడా, ఏదో ఒక ఆన్సర్ వస్తుంది కూడా. డెల్టా ఒక్కటే డీగా మారి బతికిపోయింది, డిస్క్రిమినెంట్‌ను డీ అని కూడా రాస్తారు కాబట్టి. నేను పోట్లాడి పెట్టించిన మైనస్‌లన్నీ మళ్ళీ హైఫన్లు.

కావలిలో పెళ్ళికార్డులు కొట్టే కుర్రాడికి పుస్తకం చూపిస్తే రెండు నిమిషాల్లో తేల్చేశాడు. సిస్టం మీద క్యూ అక్షరం కొట్టి, ఫాంటు ‘సింబల్’ అని పెట్టాడు. థీటా వచ్చింది. మళ్ళీ ఫాంటు టైమ్స్‌కి మార్చాడు. క్యూ. “అంతే అక్కా, పాత సింబల్ ఫాంటులో థీటా అంటే లోపల క్యూనే, పైన వేషం ఒక్కటే వేరు. ఎవురో చివర్లో కంట్రోల్ ఏ కొట్టి మొత్తానికి ఒకే ఫాంటు పెట్టినారు” అన్నాడు. మరి పైపైన తిప్పితే నాకెందుకు దొరకలేదంటే, పెద్ద పెద్ద సమీకరణాలు మ్యాథ్‌టైప్ నుంచి బొమ్మల్లా తెచ్చి అతికించినవి, వాటికి ఏమీ కాలేదు. కంటికి ముందు కనపడేవి అవే. వాక్యాల మధ్యలో ఉండే చిన్న గుర్తులే పోయాయి. తెలుగు మీడియం పుస్తకమైతే అక్కడికక్కడే దొరికిపోయేవాళ్ళు, ఆ ఒక్క దెబ్బకి డీటీపీలో వాడే అను ఫాంటులోని తెలుగంతా (అదీ సింబల్ లాంటి వేషమే) పిచ్చి గీతలైపోయేది. ఇంగ్లీష్ మీడియం కాబట్టి తప్పు దర్జాగా ప్రెస్సు దాకా పోయింది.

పుస్తకం తీసుకుని నెల్లూరు పోయాను. ఇక్కడ మొదలైంది అసలు కథ.

ఆయన పుస్తకం ముట్టుకోలేదు. డ్రాయర్ లాగి ప్రూఫ్ కట్ట తీసి, చివరి పేజీ నా ముందు పెట్టి, సంతకం మీద వేలు పెట్టాడు. “ఇదెవరిది మేడమ్?”

నాదే.

“ఓకే అన్నాక మాకు సంబంధం లేదు. రూలు.”

నేనేమన్నానంటే, అయ్యా, నేను సంతకం పెట్టిన ప్రూఫ్‌లో థీటా ఉంది, మీరు అచ్చేసిన పుస్తకంలో క్యూ ఉంది, అంటే నేను ఓకే అన్నది మీరు అచ్చెయ్యలేదు. ఏదైనా ఒక్క పేజీ పక్కపక్కన పెట్టి చూడండి అన్నాను. చూడడు! చివరి పేజీ మీద నుంచి వేలు తియ్యడు. నేనే కట్ట లాక్కుని ట్రిగనామెట్రీ పేజీ తీసి, పుస్తకంలో అదే పేజీ తీసి, రెండూ కౌంటర్ మీద పెట్టాను. జిరాక్స్‌కి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు కూడా వంగి చూశారు, వాళ్ళకీ తెలిసిపోయింది. ఈయన మాత్రం చూసి, ఏ మాత్రం తొణక్కుండా, “రెండూ ఒకటే గదా మేడమ్, పిల్లకాయలు అర్థం చేసుకుంటార్లే” అన్నాడు.

థీటా, క్యూ ఒకటేనంట. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నల్లో 80 లెక్కలే, 3 గంటల టైము. అందులో పిల్లలు ఏది థీటా ఏది క్యూ అని అర్థం చేసుకుంటూ కూర్చోవాలి కాబోలు.

ఫాంటు మార్చింది మీ దగ్గరే కదా అని అడిగితే అప్పుడు గొంతు పెంచాడు. “ఇరవై ఏళ్ళ నుంచి ఈ ఫీల్డులో ఉన్నా. పెద్ద పెద్ద కాలేజీల సార్లు నా దగ్గర చేయించుకుంటారు. వాళ్ళెవరికీ లేని చాదస్తం మీకేంది? ఆడోళ్ళతో ఇదే తలనొప్పి. ఇంట్లో సార్‌ని పంపించండి, ఆయనతో మాట్లాడతా” అన్నాడు.

సార్‌ని పంపించాలంట! ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివింది నేను, పుస్తకం రాసింది నేను, డబ్బు కట్టింది నేను. మా ఆయన బీఏ తెలుగు లిటరేచర్. ఆయన్ని కూర్చోబెట్టి ఆల్ఫాకీ ఏకీ తేడా లేదని ఒప్పిస్తాడు కాబోలు. డబ్బు పోయినందుకు కాదు, ఆ ఇద్దరు కుర్రాళ్ళ ముందు అన్న ఆ మాటకు బస్సులో కావలి దాకా ఒళ్ళు మండిపోతూనే ఉంది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

చివరికి దయతలచి ఒక ఆఫర్ ఇచ్చాడు. తప్పొప్పుల పట్టిక ఒక పేజీ ఉచితంగా కొట్టిస్తాడంట, పుస్తకంలో పెట్టి పంచుకోవాలంట. ఒక పేజీ! తప్పులన్నీ రాస్తే పట్టికే రెండో సంపుటం అవుతుంది. పోనీ సోర్స్ ఫైలు ఇవ్వండి, ఇంకెక్కడన్నా దిద్దించుకుంటా అంటే, ఫైలు షాపు ప్రాపర్టీ, కావాలంటే పేజీకి 40 కట్టమన్నాడు. నా చేతిరాత నోట్సు మాత్రం తిరిగిచ్చాడు, దాని మీద టీ మరకతో సహా.

1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. కదలకపోతే జిల్లా కమిషన్‌కి పోతాను. ప్రూఫ్ కట్ట జిరాక్స్ తీసుకోనివ్వలేదు గానీ, కౌంటర్ మీద రెండు పేజీలూ పక్కపక్కన ఉన్నప్పుడు ఫొటో తీసుకున్నాను.

మీరు ఎవరికిచ్చినా సరే, ప్రూఫ్ మీద సంతకం పెట్టి ఊరుకోకండి. ప్రెస్సుకి పోయే పీడీఎఫ్ ఏదో అదే మీ ఫోనుకి పంపమనండి, ఫాంట్లు అందులోనే ఎంబెడ్ చేసి. దాన్ని తెరిచి పెద్ద సమీకరణాలు కాదు, వాక్యాల మధ్యలో ఉన్న థీటా, ఆల్ఫా, ≤, బాణం చూడండి. ఆ పీడీఎఫ్‌లో సెర్చ్ పెట్టి £ అని, ¥ అని కొట్టి చూస్తే ఇంకా తేలిక, లెక్కల పుస్తకంలో అవి దొరికాయంటే అయిపోయినట్టే. ఫైలు నాదే అని ముందే కాగితం మీద రాయించుకోండి. వర్డ్‌లో సొంతంగా కొట్టుకునేవాళ్ళు 2212 అని టైపు చేసి వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే అసలైన మైనస్ వస్తుంది. అది యూనికోడ్ గుర్తు, అంటే దానికంటూ సొంత నంబరు ఉంటుంది, ఫాంటు మార్చినా వేరే అక్షరంగా మారదు.

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ లేటెక్‌లో లెక్కలు కొట్టిపెట్టేవాళ్ళు ఎవరైనా మీకు తెలిస్తే చెప్పండి. పేజీకి 110 కంటే ఎక్కువైనా ఇస్తాను, ఈసారి బేరం ఆడే ఇస్తాను. పాత 500 కాపీలు ముందు గదిలోనే ఉన్నాయి. తూకానికి అమ్మితే కిలోకి ఎంతిస్తారో కూడా ఎవరైనా చెప్పండి.