‘రీసైకిల్డ్ వెండి’ దిద్దులు కొనబోతున్నారా? కాస్త ఆగి ఇది చదవండి

చేత్తో చేసినవి, రీసైకిల్డ్ వెండివి, సహజమైన నీలి ఫిరోజా రాళ్లు పొదిగినవి అని రాసి ఉంటే నమ్మి ఒక జత దిద్దులు ఆన్‌లైన్‌లో కొన్నాను. నాలుగో రోజుకే చెవి తమ్మెలు ఎర్రబడి దురద మొదలైంది. రెండు వారాలకు రసి కారింది. నికెల్ పడక వచ్చిన అలర్జీ అని డాక్టర్ చెప్పారు. ఇది ఒకసారి వచ్చిందంటే మామూలుగా జీవితాంతం ఉంటుందట. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ మాటే.

వెండిలో నికెల్ ఎందుకుంటుందని అమ్మినవాళ్లను అడిగాను. చాలాసార్లు అడిగాక అసలు సంగతి బయటపడింది. లోపలి లోహం జర్మన్ సిల్వర్, పైన పూత మాత్రమే రీసైకిల్డ్ వెండి. జర్మన్ సిల్వర్‌లో వెండి రవ్వంత కూడా ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. నగల వెండిగా చెప్పే ‘92.5’లో 92.5 శాతం వెండి, మిగతా 7.5 శాతం సాధారణంగా రాగే ఉంటుంది.

రాయి కూడా ఫిరోజా కాదు. పూస ఊడిపోయినప్పుడు చూస్తే రంధ్రం లోపల తెల్లగా ఉంది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌లో దూది ముంచి రుద్దితే దూదికి నీలం అంటింది. హౌలైట్ అనే తెల్లరాయికి ఇలా రంగు వేసి ఫిరోజాగా అమ్మడం చాలాకాలంగా ఉన్నదే.

పర్యావరణం పేరు చెప్పి అమ్మారు కాబట్టి ఆ మాట కూడా చెప్పాలి. అచ్చమైన వెండి నగ పాతబడితే కరిగించి మళ్లీ కొత్త నగ చేసుకోవచ్చు, అదీ ఎన్నిసార్లయినా. పూత వేసి, రెసిన్ జిగురుతో రాయి అతికించిన దిద్దును ఎవరూ కరిగించరు, అది చెత్తలోకే పోతుంది. పైగా వెండి పూత తొట్టెల్లో ఎక్కువగా వాడేది సైనైడ్ ద్రావణాలే. ఆ మురుగునీటిని ఏం చేస్తున్నారని అడిగితే నాకు జవాబు రాలేదు.

మీరు కొనేముందు లోపలి లోహం ఏమిటో పేరుతో సహా రాసిమ్మని అడగండి. ‘సిల్వర్ టోన్’, ‘సిల్వర్ ఫినిష్’, ‘ఆక్సిడైజ్డ్’ అన్నవి లోహం పేర్లు కావు. చెవిలోకి వెళ్లే కాడ దేనితో చేశారో విడిగా అడగండి. రీసైకిల్డ్ అని అమ్మితే ఆ వెండి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. తమ పనిలో రాలిన రజనునే మళ్లీ కరిగించి వాడుకుంటే, ఐఎస్ఓ 14021 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దాన్ని రీసైకిల్డ్ లెక్కలో వేయకూడదు. నిజాయితీగా చేసేవాళ్లు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. నగలు చేసే మరొకరిని ఇవే అడిగితే, టంకానికి ఏం వాడతారో, ఘాటైన ఆమ్లం బదులు నిమ్మ ఉప్పుతో ఎలా శుభ్రం చేస్తారో కూడా నేను అడగకుండానే చెప్పారు. అబద్ధాలు చెప్పి అమ్మేవాళ్ల వల్ల నష్టపోయేది ఇలా నిజాయితీగా చేసేవాళ్లే.

ఇంట్లో నికెల్ పరీక్ష కిట్ ఉంటే దూదిపుల్లకు రెండు చుక్కలు వేసి కాడ మీద రుద్దండి, నికెల్ ఉంటే గులాబీ రంగు వస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు పూత దాన్ని దాచేయొచ్చు, కాబట్టి రంగు రాలేదని పూర్తిగా నమ్మకండి.

నా డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. ‘చేత్తో చేసినవి కదా, తేడాలు ఉంటాయి’ అన్నది వాళ్ల చివరి జవాబు. అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకోబట్టి ఫిర్యాదు చేయగలిగాను. ఇప్పుడు ఆ పేజీలో ‘వెండి’ పక్కన ‘పూత’ అన్న మాట చేర్చారు.