ఆంధ్రప్రదేశ్ రిలీఫ్ మ్యాప్: స్కూలుకు కొనొచ్చా?

అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. స్టాఫ్ అందరం తలా కొంత వేసుకుని తరగతి గదికి ఆంధ్రప్రదేశ్ రిలీఫ్ మ్యాప్ ఒకటి తెప్పించాం. కొండలు ఉబ్బెత్తుగా, లోయలు పల్లంగా చేతికి తగిలే ప్లాస్టిక్ పటం అది. రవాణాతో కలిపి పద్దెనిమిది వందలయింది. కొందామా వద్దా అని ఆలోచిస్తున్న టీచర్ల కోసం రాస్తున్నాను. కొనొచ్చు. కానీ మా వైపు పిల్లలు అడిగే అతి పెద్ద ప్రశ్నకు మాత్రం ఇందులో జవాబు లేదు.

సెంటీమీటరుకు పది కిలోమీటర్ల లెక్కన చేశారు కాబట్టి వెడల్పు మూడడుగుల దాకా ఉంటుంది. వెనక బెంచీల వాళ్లకూ కనిపిస్తుంది. కింద మూలన చిన్న అక్షరాల్లో ఎత్తును పది రెట్లు పెంచామని రాశారు. ఆ లైను పిల్లలతో తప్పకుండా చదివించండి. ఎందుకంటే ఉన్నదున్నట్టు చేస్తే అల్లూరి జిల్లాలోని ఆర్మకొండ, 1,680 మీటర్ల శిఖరం, ఈ పటంలో రెండు మిల్లీమీటర్లు కూడా లేవదు. పది రెట్లు పెంచితేనే ఒకటిన్నర సెంటీమీటరు పైన అయింది. ఈ సంగతి చెప్పకపోతే తూర్పు కనుమలు హిమాలయాలంత ఉంటాయనుకుంటారు.

నాకు బాగా నచ్చింది రాయలసీమ భాగం. ఎర్రమల, నల్లమల మధ్య నంద్యాల లోయలో వేలు పెట్టి, కుందూ నది వెంట దక్షిణానికి లాగితే కడప దగ్గర పెన్నా లోయలోకి దిగిపోతాం. పాఠంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కని విషయం ఒక్క నిమిషంలో చేతికి తెలిసిపోతుంది. నల్లమల నుంచి వెలికొండలు, పాలకొండలు, శేషాచలం దాకా కొండలన్నీ విల్లులా వంగి ఉండటం కూడా చక్కగా తీశారు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం మీది నుంచి వచ్చే తేమగాలి ముందు ఢీకొట్టేది ఈ గోడనే. 2021 నవంబరులో తిరుపతి, కడప వైపు కుండపోత కురిసి, చెయ్యేరు పొంగి, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజుల గురించి చెప్పేటప్పుడు పిల్లల చేతులు ఆ కొండల మీదే ఉంచాను.

పటం మీద మా ఊరి వైపు నేల కోస్తా కంటే మూడు మిల్లీమీటర్లకు పైగా లేచి ఉంటుంది. అంటే, పది రెట్ల పెంపు తీసేసి లెక్కేస్తే, నిజంగా మూడు వందల మీటర్ల పైమాటే. కృష్ణా నీళ్లు మనకు కాలువ తవ్వితే ఎందుకు రావు, శ్రీశైలం వెనక మాల్యాల దగ్గర పంపులతో ఎత్తి, మళ్లీ మళ్లీ ఎత్తి మా జిల్లాలోని జీడిపల్లి జలాశయం దాకా ఎందుకు తేవాలి అని అడిగే పిల్లలకు ఇది చాలు. నేను మాట్లాడాల్సిన పని కూడా లేకపోయింది.

కోస్తాలో చేతికి ఏమీ తగలదు. కృష్ణా, గోదావరి డెల్టాలు, వాటి మధ్య కొల్లేరు, అంతా నున్నగా ఉంటుంది. ఇది లోపం అని ఒక సహోద్యోగి అన్నారు. కాదంటాను. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు దాన్ని ఆపడానికి అక్కడ ఏ మిట్టా లేదు. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పది వేల మంది పోయారు. ఆ నునుపును కూడా తాకి చూడాలి.

ఇక తప్పులు. రంగులు ఒకచోట, ఉబ్బు ఒకచోట పడ్డాయి. ముందు రంగులు అచ్చేసి తర్వాత వేడిచేసి అచ్చుకు నొక్కేటప్పుడు షీటు జరిగినట్టుంది. జరిగింది మూడు మిల్లీమీటర్లే, కానీ ఈ స్కేలులో అది మూడు కిలోమీటర్లు. గండికోట దగ్గర పెన్నా నది నీలం గీత కొండల సందులోంచి కాకుండా ఎర్రమల పైనుంచి పోతోంది. "టీచర్, పెన్నేరు ఈడ కొండ ఎక్కతాందే!" అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. పాపికొండల దగ్గర గోదావరిదీ ఇదే గతి. అసలు ఈ రెండు నదులు కొండల్ని కోసుకుని పోవడమే పిల్లలకు చూపించాల్సిన విశేషం. సరిగ్గా అక్కడే పొరపాటు పడటం నాకు చాలా బాధ కలిగించింది. జిల్లాలు కూడా పాత పదమూడే ఉన్నాయి. 2022లో ఇరవై ఆరయ్యాయి. కొత్త అచ్చు వేసుకోవాల్సింది.

అన్నిటికంటే పెద్ద లోటు, రాష్ట్రం హద్దు దాటగానే పటం తెల్లగా, చదునుగా ఆగిపోవడం. పెన్నా పుట్టే నంది కొండలు లేవు. తుంగభద్ర ఎక్కణ్నుంచో ఊడిపడ్డట్టు ఉంది. "మనకే ఎందుకు వాన పడదు?" అని మా పిల్లలు ప్రతి ఏడూ అడుగుతారు. దానికి కారణం పడమటి కనుమలు. ఈ పటం ఎడమ అంచుకు సరిగ్గా జానెడు దూరంలో ఉండాలి, లేవు. అందుకని పటాన్ని బల్ల మీద పరిచి, ఎడమ పక్క జానెడు వదిలి, బంకమట్టితో కనుమలు కట్టించాను. ఆ కనుమల్లో కర్ణాటక వైపున్న ఊరు ఆగుంబె పేరుతో చీటీ గుచ్చాం. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి వచ్చి, ఆ కొండలెక్కుతూ చల్లబడి, అక్కడ ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా కురిపిస్తుంది. ఇవతలికి దిగేసరికి తేమ తగ్గి, వేడెక్కిన గాలే మిగులుతుంది. అనంతపురానికి దక్కేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఈశాన్య రుతుపవనాలేమో నెల్లూరు వైపు బాగా కురిసి, మా దాకా వచ్చేసరికి బలహీనపడతాయి. గాలికి మాత్రం కొదవ లేదు, రామగిరి గుట్టల మీద గాలిమరలు అందుకే ఉన్నాయి. మట్టి కనుమలు అడ్డం పెట్టాక ఈ పాఠం మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. తయారీదారులు ఎడమవైపు ఇంకో జానెడు షీటు కలిపితే రెండు వందలు ఎక్కువైనా ఇస్తాం.

మన్నిక మామూలుగా ఉంది. గట్టిగా నొక్కితే కొండ లోపలికి సొట్టపోతుంది, మళ్లీ లేవదు. మా పటంలో హార్స్‌లీ హిల్స్ అప్పుడే పోయాయి. కిటికీ ఎండ పడని గోడకు తగిలించండి. తగిలించే కన్నాలు వారానికే చిరిగాయి, వెనక చెక్క పట్టీలు కొట్టించుకోవడం మంచిది. కొనేముందు గండికోట దగ్గర ఫోటో దగ్గరగా తీసి పంపమనండి, నది సందులో ఉంటేనే డబ్బు కట్టండి. చుట్టి పంపిస్తామంటే ఒప్పుకోకండి, అట్టల మధ్య పరిచే పంపాలి.